లాలీ ఇంటిపేరు: పుట్టిన చోటు, వలస దారులు – తరచుగా అడిగే ప్రశ్నలు

మూడో కర్ణాటక యుద్ధం పాఠం చదివినవాళ్లకు కౌంట్ డి లాలీ గుర్తుండే ఉంటాడు. వందవాసిలో ఓడి, పుదుచ్చేరిని ఇంగ్లిషువాళ్లకు అప్పగించిన ఫ్రెంచి సేనాని ఆయన. సైన్యం ఫ్రెంచిది, రాజు ఫ్రెంచివాడు. ఇంటిపేరు మాత్రం ఐర్లండ్ పడమటి వైపున ఉన్న గాల్వే కౌంటీది. ఈ పేరు గురించి రాసినవాళ్లలో చాలామంది ఆయన దగ్గరే ఆగిపోతారు. నిజానికి దాన్ని ఈనాటి దాకా మోసుకొచ్చింది కౌలు పొలాల్లో బంగాళాదుంపలు పండించుకుని, అదీ పోయాక ఓడలెక్కిన సామాన్యులు. ఇద్దరి కథా ఒకేచోట ఉండాలన్నది నా కోరిక.

లాలీ అన్నది ఏ భాషలోని పేరు?

ఐరిష్ భాషలోది. పూర్తి రూపం ‘ఓ మీలలీ’. అంటే మీలలా అనే పూర్వీకుడి సంతతివాళ్లు అని. ‘మీల్’ అన్న మాటకు గుండు, సేవకుడు, నాయకుడు అని సందర్భాన్ని బట్టి అర్థాలున్నాయి. ‘అలా’ అంటే మచ్చలున్న అని. రెండూ కలిపి ‘మచ్చల నాయకుడు’ అని వివరిస్తారు.

ఐరిష్ ఇంటిపేర్లు చాలావరకు ఇలాగే ఒక మనిషి పేరు మీద నిలిచాయి. ‘ఓ’ అంటే మనవడు, వంశంవాడు. ‘మాక్’ అంటే కొడుకు. యూరప్‌లో తరతరాలకూ ఒకే ఇంటిపేరు నిలబెట్టుకోవడం ముందుగా మొదలైన దేశాల్లో ఐర్లండ్ ఒకటి. ఓ క్లేరీ వంశానికి చెందిన ఒకరు 916లో చనిపోయినట్టు పాత వార్షిక గ్రంథాల్లో ఉంది.

ఆడవాళ్లకు ఐరిష్‌లో పేరు వేరే రూపం తీసుకుంటుంది. కూతురైతే ‘ఓ’ స్థానంలో ‘నీ’, కోడలైతే ‘ఈ’ వస్తుంది. ఇంగ్లిషులోకి వచ్చాక ఈ తేడా చెరిగిపోయి అందరూ లాలీలే అయ్యారు.

లాలీ, ముల్లాలీ, మలాలీ ఒకటేనా?

మూలం ఒకటే. ఇంగ్లిషు గుమస్తాలు ‘ఓ మీలలీ’ని చెవికి విన్నట్టు రాసుకున్నప్పుడు ఓ’ముల్లాలీ, ముల్లాలీ, ములాలీ వచ్చాయి. గాల్వే, మేయో కౌంటీల్లో ముందు భాగం రాలిపోయి లాలీ మిగిలింది. ముల్లాలీ రూపం ఆగ్నేయాన, టిప్పరరీ, కిల్కెన్నీ వైపు ఎక్కువ.

అందుకే పాత కాగితాల్లో ఒకే మనిషి బాప్తిస్మంలో ముల్లాలీగా, పెళ్లిలో లాలీగా కనిపిస్తే అనుమానపడక్కర్లేదు. వాళ్లలో చాలామందికి చదువు రాదు. ఆ రోజు కలం పట్టుకున్నవాడు ఏం రాస్తే అదే ఇంటిపేరు.

ముందున్న ‘ఓ’ ఏమైంది?

17, 18 శతాబ్దాల్లో ఇంగ్లిషు పాలన గట్టిపడ్డాక రాలిపోయింది. ఐరిష్‌లాగా వినిపించే పేరుతో కోర్టులోనో, కచేరీలోనో, భూస్వామి దగ్గరో పని జరగడం కష్టమైన రోజులవి. 1893లో గేలిక్ లీగ్ ఏర్పడి భాషాభిమానం మళ్లీ లేచాక ఓ’సల్లివాన్, ఓ’కానెల్ వంటి కుటుంబాలెన్నో ‘ఓ’ను తిరిగి తగిలించుకున్నాయి. లాలీలకు ఆ ‘ఓ’ తిరిగి రాలేదు. మధ్య భాగం కూడా పోయిన పేరుకు దాన్ని ఎక్కడ అతికించాలి?

వీళ్ల సొంత ప్రాంతం ఏది?

గాల్వే కౌంటీలో లాక్‌రీ పట్టణం చుట్టూ ఉన్న మైదానం. పాత పేరు మీన్‌వాయ్. ఇది ‘ఈ మానీ’ అనే పెద్ద రాజ్యంలో ఒక భాగం. ‘ఈ మానీ’కి పెద్దలు ఓ కెల్లీలు, అంటే నేటి కెల్లీ ఇంటిపేరువాళ్ల పూర్వీకులు. మీన్‌వాయ్ పెద్దరికం మాత్రం ఓ నాక్టన్, ఓ మీలలీ అనే రెండు వంశాల మధ్య చేతులు మారుతూ ఉండేది. 1372లో చనిపోయిన షాన్ మోర్ ఓ డూగన్ అనే కవి ఐర్లండ్‌లో ఏ ప్రాంతం ఏ వంశానిదో పద్యాల్లో చెప్పుకుంటూ పోయాడు. అందులో మీన్‌వాయ్ దగ్గర ఈ రెండు పేర్లనే పలికాడు.

ఆయన ఆ పద్యం చెప్పే నాటికి ఆ భూమి వాళ్ల చేతిలో లేదు. అప్పటికే వందేళ్లు దాటింది. ఎవరి చేతిలోంచి ఏ నేల జారిపోయిందో గుర్తుపెట్టుకోవడం అక్కడి కవుల పని. ఈ పేరు మూలం మనకు తెలిసిందంటే అది వాళ్ల చలవే.

మరి ట్యూమ్ దగ్గరికి ఎందుకు వెళ్లారు?

వెళ్లగొట్టారు కాబట్టి. 1235లో రిచర్డ్ డి బర్గ్ అనే నార్మన్ ప్రభువు కొనాక్ట్ ప్రాంతాన్ని జయించాడు. మరుసటి ఏడాది లాక్‌రీలోనే కోట కట్టుకున్నాడు. నేటి బర్క్ ఇంటిపేరు ఆ డి బర్గ్ నుంచి వచ్చిందే. సరిగ్గా తమ మైదానం నడిబొడ్డున కోట లేచాక ఓ మీలలీలు ఉత్తరానికి జరిగి ట్యూమ్ పట్టణం దగ్గర, ‘తులాక్ నా దాలా’ అనే చోట స్థిరపడ్డారు. సభ జరిగే గుట్ట అని దానర్థం. ఇంగ్లిషువాళ్లు దాన్ని టల్లానడాలీ అన్నారు. ఫ్రెంచివాళ్ల నోట తొలాందాల్ అయింది. సేనాని పేరు చివర ఫ్రెంచి బిరుదులా వినిపించే ‘తొలాందాల్’ గాల్వేలోని ఈ గుట్టే.

ఆ ఊరికి దూరంగా పుట్టి పెరిగినవాళ్లు దాని పేరును తమ పేరు వెనక రెండు తరాల పాటు పెట్టుకున్నారు. ఈ వంశ చరిత్రలో నన్ను ఎక్కువగా కదిలించేది అదే.

లాలీలంతా క్యాథలిక్కులేనా?

ఎక్కువమంది అంతే. కానీ ఇంగ్లండ్ రాణి ఒకటో ఎలిజబెత్ కాలంలో ట్యూమ్‌కు ప్రొటెస్టంట్ ఆర్చ్‌బిషప్‌గా 1573 నుంచి 1595 దాకా పనిచేసిన విలియం ఓ ముల్లాలీ ఈ వంశంవాడే. ఒకే ఇంట్లో ఇద్దరు చెరో చర్చిలో ఉండటం అప్పటి ఐర్లండ్‌లో వింతేమీ కాదు. కొన్నిసార్లు అది భూమిని కాపాడుకునే ఉపాయం కూడా.

ఐర్లండ్ వదిలి ఫ్రాన్స్ ఎందుకు వెళ్లారు?

ఇంగ్లండ్ సింహాసనం కోసం క్యాథలిక్ రాజు రెండో జేమ్స్, ప్రొటెస్టంట్ రాజు మూడో విలియం కొట్టుకున్నారు. ఆ యుద్ధం ఎక్కువగా జరిగింది ఐర్లండ్ నేల మీద. జేమ్స్ 1689లో డబ్లిన్‌లో పార్లమెంటు కొలువుదీర్చినప్పుడు ట్యూమ్ ప్రతినిధుల్లో టల్లానడాలీకి చెందిన జేమ్స్ లాలీ ఒకడు. 1691 జులై 12న అక్రిమ్ దగ్గర రాజు జేమ్స్ పక్షం నాశనమైంది. ఆ పోరు జరిగింది గాల్వే తూర్పున, పాత ‘ఈ మానీ’ నేల మీదే. వేలమంది ఒక్క రోజులో చనిపోయారు. అదే ఏడాది అక్టోబరు 3న లిమరిక్ ఒప్పందం కుదిరింది. ఫ్రాన్స్ పోవాలనుకున్న సైనికులు పోవచ్చని అందులో ఒక షరతు.

దాదాపు 14 వేలమంది సైనికులు, వాళ్లతో పాటు వేలల్లో భార్యాపిల్లలు ఓడలెక్కారు. వాళ్లను ఐరిష్‌వాళ్లు ‘అడవి బాతులు’ అంటారు. టల్లానడాలీ లాలీలకు ఎస్టేట్ పోయింది. జేమ్స్ లాలీ, అతని తమ్ముడు జెరార్డ్ ఫ్రాన్స్ సైన్యంలోని ఐరిష్ దళాల్లో చేరారు. జెరార్డ్ డిల్లన్ రెజిమెంటులో పైకొచ్చి, ఒక ఫ్రెంచి ఉన్నత కుటుంబంలో పెళ్లి చేసుకున్నాడు.

నార్మన్లు మైదానం నుంచి తరిమితే ఒక గుట్ట దొరికింది. ఈసారి దేశంలోనే చోటు దొరకలేదు.

కౌంట్ డి లాలీ ఐరిష్‌వాడా, ఫ్రెంచివాడా?

జెరార్డ్ కొడుకు తోమా ఆర్తూర్ 1702 జనవరిలో, దక్షిణ ఫ్రాన్స్‌లోని రోమాన్స్ పట్టణంలో పుట్టాడు. ఊరిని బట్టి ఫ్రెంచివాడు. పెంపకాన్ని బట్టి నూటికి నూరుపాళ్లూ ప్రవాసి. చిన్నప్పుడే తండ్రి రెజిమెంటు పట్టీలో పేరెక్కింది. 1744లో ఆయన పేరు మీదే లాలీ రెజిమెంటు ఏర్పడింది. 1745 మే 11న ఫాంట్‌నుయా యుద్ధంలో ఇంగ్లిషు సేనను వెనక్కి నెట్టిన ఆరు ఐరిష్ పదాతి రెజిమెంట్లలో అదొకటి. పదిహేనో లూయీ రాజు యుద్ధభూమిలోనే ఆయనకు బ్రిగేడియర్ హోదా ఇచ్చాడు. తర్వాత స్టువర్టుల, అంటే రెండో జేమ్స్ వంశంవాళ్ల తరఫున స్కాట్లండ్ వెళ్లి, 1746లో ఫాల్కిర్క్ యుద్ధంలో రాకుమారుడు చార్లెస్ పక్కన నిలిచాడు.

అంటే జీవితంలో ఎక్కువగా ఆయన పోరాడింది ఇంగ్లండ్ మీదే. తాతల ఇల్లు పోగొట్టిన రాజ్యం మీద పగ ఆయనకు వారసత్వం. భారతదేశం వచ్చినప్పుడు కూడా ఆయనకు కనిపించింది ఇంగ్లిషు శత్రువే. ఇక్కడి మనుషులు, ఇక్కడి లెక్కలు కళ్లకు ఆనలేదు.

లాలీ రాక తెలుగు నేలను ఎలా మార్చింది?

ఆయన అడుగుపెట్టింది పుదుచ్చేరిలో, 1758 ఏప్రిల్ చివర. జూన్ 2కల్లా కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోట పట్టుకున్నాడు. అంత వరకూ మెరుపులాంటి ఆరంభం. మద్రాసును కూడా ఊడబెరకాలని పట్టుబట్టి, దానికి బలగం కావాలని హైదరాబాదు నుంచి బుస్సీని వెనక్కి పిలిపించాడు.

బుస్సీ అంటే మనవాళ్లకు పరిచయం అక్కర్లేదు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట ముందు విజయనగరం రాజుతో కలిసి నిలబడిన బుస్సీయే ఆయన. నిజాం సలాబత్ జంగ్ దర్బారు ఏడేళ్లుగా ఆయన మాట మీద నడుస్తోంది. ఉత్తర సర్కారుల ఆదాయం ఫ్రెంచివాళ్లకు దఖలు పడింది. ఆ పట్టంతా ఒక మనిషి పలుకుబడి మీద నిలిచి ఉందని బుస్సీ ఎంత మొత్తుకున్నా లాలీ వినలేదు. సర్కారుల బాధ్యత కాన్‌ఫ్లాన్ అనే అధికారికి వదిలి బుస్సీ దక్షిణానికి వెళ్లాడు.

ఆ ఖాళీని ముందుగా కనిపెట్టింది విజయనగరం ఆనంద గజపతి రాజు. ఫ్రెంచివాళ్లను తరిమేయడానికి సైన్యం పంపమని బెంగాల్‌లోని ఇంగ్లిషువాళ్లకు కబురు పంపాడు. క్లైవ్ కర్నల్ ఫోర్డ్‌ను పంపాడు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గరి చందుర్తిలో కాన్‌ఫ్లాన్ ఓడాడు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట ఇంగ్లిషువాళ్ల చేతికి పోయింది. మే నెలలో సలాబత్ జంగ్ మచిలీపట్నం చుట్టుపక్కల ప్రాంతాన్ని వాళ్లకు రాసిచ్చి, ఫ్రెంచివాళ్లను దగ్గరికి రానివ్వనని ఒప్పుకున్నాడు. కోస్తాలో ఇంగ్లిషు కంపెనీ పాలనకు పునాది పడింది ఇక్కడే. లాలీ ఈ నేల మీద కాలు పెట్టలేదు. పుదుచ్చేరి నుంచి రాసిన ఒక ఉత్తర్వుతోనే కృష్ణా, గోదావరి తీరాల తలరాత మారింది.

ఇంత చేసినా మద్రాసు దక్కలేదు. ఇంగ్లిషు ఓడలు కనిపించగానే 1759 ఫిబ్రవరి 17న ముట్టడి ఎత్తేశాడు. 1760 జనవరి 22న వందవాసిలో ఆయన్ని ఓడించిన ఐర్ కూట్ పుట్టింది ఐర్లండ్‌లోని లిమరిక్ కౌంటీలో. కూట్‌లు ఇంగ్లిషు పాలన తెచ్చిపెట్టిన ప్రొటెస్టంట్ భూస్వాములు, లాలీలు ఆ పాలన తరిమేసిన క్యాథలిక్కులు. ఐర్లండ్‌లో తెగని తగాదా తమిళ పల్లె పక్కన తేలింది. 1761 జనవరిలో, తిండి కరువైన పుదుచ్చేరి లొంగిపోయింది. ఊరిని ఇంగ్లిషువాళ్లు నేలమట్టం చేశారు.

ఇక్కడివాళ్లతో ఆయన ప్రవర్తన ఎలా ఉండేది?

క్రూరంగా ఉండేది. ప్రవాసి బిడ్డ అన్న జాలితో దీన్ని దాచకూడదు. సామాను మోయడానికి పుదుచ్చేరి ప్రజలను కులం, వృత్తి చూడకుండా బలవంతంగా పట్టించాడు. పాత బాకీ వసూలుకు తంజావూరు మీదికి పోతూ నాగపట్నం దగ్గరి కీళ్వేళూరు ఆలయాన్ని దోపించాడు. గూఢచారులన్న అనుమానంతో అక్కడి బ్రాహ్మణులను ఫిరంగి మూతులకు కట్టి పేల్పించాడు. తంజావూరు లొంగలేదు, బాకీ రాలేదు. తర్వాత ఆయన సైన్యానికి బండ్లు, ఎడ్లు, ధాన్యం దొరక్కపోవడానికి ఇదొక పెద్ద కారణం.

ఫ్రాన్స్ ఆయన తల ఎందుకు తీసింది?

ఓటమికి ఎవరో ఒకరు బాధ్యత మోయాలి కాబట్టి. యుద్ధఖైదీగా లండన్ చేరిన లాలీ, పారిస్‌లో తన మీద ఆరోపణలు వస్తున్నాయని విని, అనుమతి తీసుకుని మరీ వెళ్లి నిలబడ్డాడు. బాస్టీల్ జైల్లో పెట్టారు. రాజు ప్రయోజనాలకు ద్రోహం చేశాడని తీర్పు చెప్పి, 1766 మే 9న, జనంతో మాట్లాడకుండా నోటికి గుడ్డ కుక్కి, పారిస్ నడివీధిలో తల నరికారు. కోపిష్ఠి, మొండివాడు, ఇక్కడివాళ్ల పాలిట దుర్మార్గుడు. ఫ్రాన్స్‌కు మాత్రం ద్రోహి కాడు.

ఆయన కొడుకు త్రోఫీమ్ జెరార్, 1751లో పుట్టినవాడు, తండ్రి మీది మచ్చ చెరపడానికే యౌవనమంతా వెచ్చించాడు. రచయిత వోల్తేర్ తోడు నిలిచాడు. 1778 మేలో రాజు కౌన్సిల్ ఆ తీర్పును కొట్టేసింది. మరణశయ్య మీదున్న వోల్తేర్, ఇక తృప్తిగా చనిపోతానన్న అర్థంలో ఆ కొడుక్కి ఉత్తరం రాయించి, నాలుగు రోజులకు కన్నుమూశాడు. త్రోఫీమ్ తర్వాత 1789 ఫ్రెంచి జాతీయ సభలో సభ్యుడయ్యాడు, ఇంగ్లండ్‌లో తలదాచుకున్నాడు, తిరిగొచ్చి ఫ్రెంచి అకాడమీలో చేరి 1830లో చనిపోయాడు. కొడుకులు లేరు.

ఆదోని, హైదర్ అలీ కథల్లో వచ్చే ‘లాలీ’ కూడా ఈయనేనా?

కాదు. 1770ల్లో ఆదోనిలో నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ దగ్గర ఒక ఫ్రెంచి దళం ఉండేది. దాని నాయకుణ్ని ఇంగ్లిషు రికార్డులు లాలీ అంటాయి. బళ్లారి ముట్టడిలో హైదర్ అలీ చేతిలో దెబ్బతిన్నదీ, తర్వాత హైదర్ కొలువులోకే పోయిందీ ఆ దళమే. అతని అసలు ఇంటిపేరు లాలే. ఐరిష్ వంశంతో సంబంధం లేదు. తోమా ఆర్తూర్ అప్పటికి చనిపోయి పదేళ్లు కావస్తోంది. తెలుగు వ్యాసాల్లో ఈ ఇద్దరినీ కలిపేయడం కనిపిస్తుంది, జాగ్రత్త పడాలి.

ఇప్పుడున్న లాలీలు ఆ కౌంట్ వారసులేనా?

ఆ మగ సంతతి త్రోఫీమ్‌తోనే ఆగిపోయింది. నేడు గాల్వేలో, బోస్టన్‌లో, మాంచెస్టర్‌లో కనిపించే లాలీలు 1691లో ఓడ ఎక్కనివాళ్ల సంతతి. పూర్వీకుల్లో బిరుదున్నవాడు దొరికితే అందరికీ సంబరమే. కానీ ఈ ఇంటిపేరున్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే: మీ ముత్తాత ఎవరో తెలియాలంటే కౌలు రికార్డు తీయండి. అక్కడున్నవాడు మీవాడు.

కరువు వీళ్లను ఎలా చెదరగొట్టింది?

1845లో బంగాళాదుంపకు తెగులు సోకింది. కొనాక్ట్ పేదలు దాదాపు ఆ ఒక్క దుంప మీదే బతుకుతున్నారు, ఎందుకంటే ఎకరమో అరో ఉన్న కౌలు చెక్కలో ఇంటిల్లిపాదికీ సరిపోయేది మరొకటి పండదు. ధాన్యం పండినా అది కౌలు కట్టడానికే. 1852 దాకా సాగిన ఆ కరువులో సుమారు 10 లక్షలమంది చనిపోయారు, మరో 10 లక్షలకు పైగా దేశం వదిలారు. 1841లో దాదాపు 82 లక్షలున్న ఐర్లండ్ జనాభా 1851కి 65 లక్షలకు పడిపోయింది. ఒక్క గాల్వే కౌంటీలోనే 4 లక్షల 40 వేలమంది నుంచి సుమారు 3 లక్షల 20 వేలకు తగ్గారు.

తిండిగింజలు ఎగుమతి అవుతుండగా జనం ఆకలితో చావడం, కౌలు కట్టలేదని ఇంటి కప్పు పీకి బయటికి గెంటడం, ఇవన్నీ ఆ ఏళ్లలోనే జరిగాయి. ఓడ చార్జీ దొరికినవాళ్లు లివర్‌పూల్ మీదుగా అమెరికా, కెనడా పోయారు. కిక్కిరిసిన ఆ ఓడలకు ‘శవపేటిక ఓడలు’ అని పేరు పడింది. 1847లో కెనడాలోని గ్రోస్ ఈల్ అనే దీవిలో టైఫస్ జ్వరంతో చనిపోయి సమాధి అయినవాళ్లు 5 వేలకు పైనే. చార్జీ దొరకనివాళ్లు ఇంగ్లండ్‌లోని లాంకషైర్ మిల్లుల దాకా వెళ్లి ఆగారు. గాల్వే, మేయో మగవాళ్లకు కోతల కాలంలో ఇంగ్లండ్ పోయి కూలి చేసుకు రావడం అంతకుముందు నుంచీ అలవాటే. కరువు తర్వాత తిరిగి రావడం ఆగిపోయింది.

విడిపోయినవాళ్లు ఒకరినొకరు ఎలా వెతుక్కున్నారో తెలియాలంటే బోస్టన్‌లోని ‘పైలట్’ పత్రిక చూడాలి. 1831 నుంచి 1921 దాకా అది ‘తప్పిపోయిన స్నేహితులు’ అనే శీర్షికన ప్రకటనలు వేసింది. ఫలానా పేరు, ఫలానా కౌంటీ, ఫలానా పారిష్ (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం), ఏ ఏడాది ఏ రేవులో దిగాడో, చివరిసారి ఏ రైలుమార్గం పనిలో ఉన్నాడని విన్నారో రాసి, తమ్ముడో భార్యో కబురు కోసం ఎదురుచూసేవారు. పుట్టిన ఊరు పేరు అమెరికా రికార్డుల్లో అరుదుగా దొరుకుతుంది. ఈ ప్రకటనల్లో మాత్రం చాలావరకు ఉంటుంది, ఎందుకంటే వెతికేవాళ్లకు మిగిలిన గట్టి ఆనవాలు అదే.

ఎల్లిస్ ఐలండ్‌లో పేరు మార్చేశారని మా స్నేహితుడి ఇంట్లో చెబుతారు. నిజమేనా?

దాదాపు ప్రతి ఐరిష్ అమెరికన్ ఇంట్లోనూ ఈ మాట వినిపిస్తుంది, కానీ నిజం కాదు. వలస వచ్చినవాళ్లను తనిఖీ చేసే న్యూయార్క్ రేవులోని కేంద్రం ఎల్లిస్ ఐలండ్‌ను తెరిచింది 1892 జనవరి 1న. మొదట దిగింది కార్క్ కౌంటీకి చెందిన యానీ మూర్ అనే అమ్మాయి. అక్కడి గుమస్తాలు కొత్తగా పేర్లు రాయలేదు, ఓడ ఎక్కించుకున్నప్పుడే తయారైన పట్టీలో టిక్కు పెట్టుకున్నారు. పైగా కరువు వలసలన్నీ దానికి దశాబ్దాల ముందే అయిపోయాయి. ముల్లాలీ లాలీ అయింది ఐర్లండ్‌లోనే, లేదా అమెరికాలో స్థిరపడ్డాక ఇంటివాళ్లే మార్చుకున్నారు.

ఈ పేరున్నవాళ్లలో ప్రముఖులెవరు?

నా మనసులో మొదటి స్థానం తెరెసా ములాలీకి. 1728లో పుట్టిన ఆమె 1766లో, పారిస్‌లో కౌంట్ తల తెగిన ఏడాదే, డబ్లిన్‌లో పేద ఆడపిల్లలకు బడి తెరిచింది. క్యాథలిక్కులు బడి నడపడం చట్టవిరుద్ధమైన రోజులవి. 1803లో చనిపోయేదాకా ఆ పని వదల్లేదు.

మిక్ లాలీ నటుడు. మేయో కౌంటీలో ఐరిష్ మాట్లాడే టూర్మకేడీలో 1945లో పుట్టాడు. కొన్నేళ్లు ట్యూమ్‌లోనే బడిపంతులుగా చేసి, 1975లో గాల్వేలో డ్రూయిడ్ నాటక సంస్థ స్థాపకుల్లో ఒకడయ్యాడు. 2010లో చనిపోయాడు. బోయింగ్‌లో ఎదిగి, 2006 నుంచి 2014 దాకా ఫోర్డ్ కంపెనీని నడిపిన అలన్ ములాలీ, నటి మేగన్ ములాలీ అమెరికాలో తెలిసిన పేర్లు.

జాన్ ములాలీని కూడా చెప్పుకోవాలి. 1835లో బెల్‌ఫాస్ట్‌లో పుట్టి న్యూయార్క్ చేరిన పత్రికా సంపాదకుడు. ఆ నగరంలోని బ్రాంక్స్ ప్రాంతంలో పార్కులు వచ్చాయంటే ఆయన పట్టుదల వల్లే. అదే మనిషి 1863లో, నల్లవాళ్ల మీద దాడులకు దారితీసిన సైనిక నియామక వ్యతిరేక అల్లర్లను తన రాతలతో ఎగదోశాడు. ఆయన పేరిట ఉన్న పార్కుకు 2022లో వేరే పేరు పెట్టారు. అది న్యాయమే. తరిమివేతకు గురైనవాళ్ల బిడ్డలు మరొకరిని తరమడం ఈ పేరు చరిత్రలో రెండోసారి కనిపిస్తోంది.

కెనడాలో నాకు తెలిసిన లాలీలు పంజాబీలు. వాళ్లకూ వీళ్లకూ చుట్టరికమా?

లేదు. లాలీ, లల్లీ అన్నది పంజాబు జాట్లలో ఒక గోత్రం పేరు. అక్షరాలు కలవడం యాదృచ్ఛికం. వెతుకులాటలో ఈ రెండూ కలిసిపోతాయి కాబట్టి మనిషి సొంత పేరు, ఊరు చూసుకోవాలి. న్యూఫౌండ్‌లాండ్‌లో కనిపించే ములాలీలు మాత్రం ఐరిష్‌వాళ్లే. అక్కడికి వలసలు ఎక్కువగా ఐర్లండ్ ఆగ్నేయం నుంచి జరిగాయి.

లాలీ వంశ చిహ్నం అని దుకాణాల్లో అమ్ముతున్నారు. కొనవచ్చా?

గోడకు అలంకారంగానైతే కొనుక్కోండి. చిహ్నం ఇచ్చేది ఒక వ్యక్తికి, అతని సంతతికి. ఇంటిపేరున్న అందరికీ కాదు. ఐర్లండ్‌లో ఇవి 1943 నుంచి చీఫ్ హెరాల్డ్ కార్యాలయం చూసుకుంటోంది.

ఐర్లండ్‌లో లాలీ పూర్వీకులను వెతకాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇప్పటి నుంచి వెనక్కి నడవాలి. సేనాని నుంచి ముందుకు రాకూడదు.

ముందు 1901, 1911 జనాభా లెక్కలు. ఐర్లండ్ జాతీయ ఆర్కైవ్స్ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. ఇంట్లో ఎవరెవరు, వయసు, మతం, చదువు, ఐరిష్ వచ్చా రాదా అన్నీ కనిపిస్తాయి. అంతకు ముందు లెక్కలు ఆశించవద్దు. 1861 నుంచి 1891 దాకా జరిగినవాటిని ప్రభుత్వమే పారేసింది. 1821 నుంచి 1851 దాకా జరిగినవి 1922 జూన్ 30న, అంతర్యుద్ధంలో డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ అనే న్యాయస్థాన భవనం పక్కనున్న రికార్డుల భవనం పేలినప్పుడు చాలావరకు కాలిపోయాయి. వందేళ్ల తర్వాత, 2022 జూన్‌లో, ప్రపంచమంతటా మిగిలిన నకళ్లను పోగుచేసి ఆ భవనాన్ని ఇంటర్నెట్‌లో తిరిగి కట్టారు. వర్చువల్ రికార్డ్ ట్రెజరీ అని వెతికితే వస్తుంది.

జననాలు, మరణాలు, క్యాథలిక్ పెళ్లిళ్ల ప్రభుత్వ నమోదు 1864లో మొదలైంది. ఐరిష్ జీనియాలజీ అనే ప్రభుత్వ సైట్‌లో వందేళ్లు దాటిన జననాలు, 75 ఏళ్లు దాటిన పెళ్లిళ్లు, 50 ఏళ్లు దాటిన మరణాలు చూడొచ్చు. అంతకన్నా వెనక్కి చర్చి పుస్తకాలే దిక్కు. 1880 దాకా ఉన్న క్యాథలిక్ పారిష్ రిజిస్టర్లను నేషనల్ లైబ్రరీ 2015లో ఉచితంగా పెట్టింది. వాటిలో చాలా చోట్ల పేర్లు లాటిన్‌లో ఉంటాయి: ప్యాట్రిక్ పత్రీషియస్ అవుతాడు, బ్రిజిట్ బ్రిజిదా అవుతుంది. జ్ఞానస్నానపు తల్లిదండ్రుల పేర్లు వదిలేయకండి. వాళ్లు తరచు మేనమామలో, పిన్నులో అయి ఉంటారు.

కరువు కాలానికి గ్రిఫిత్ వాల్యుయేషన్ ప్రధాన ఆధారం. 1847 నుంచి 1864 మధ్య పన్ను కోసం దేశమంతా తిరిగి, ఏ చెక్క ఎవరి సాగులో ఉంది, భూస్వామి ఎవరు, ఎంత విస్తీర్ణం, ఇంటికి ఎంత విలువ అన్నది రాసుకున్నారు. అందులో ఊరు అంటే టౌన్‌లాండ్, ఐర్లండ్‌లో అతి చిన్న భూ విభాగం. దేశంలో 60 వేలకు పైగా ఉన్నాయి. ఒకే పేరున్నవి చాలా ఉంటాయి కాబట్టి పారిష్ కూడా రాసుకోవాలి. లాలీ అని వెతికాక ముల్లాలీ అనీ, ఒక ‘ఎల్’ తీసేసి కూడా వెతకాలి.